అతుకు కనిపించలేదన్నాను

ఎనిమిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అబద్ధమని కూడా అనలేను దాన్ని. విన్నవాళ్లకు అందులో తప్పు దొరకదు. కానీ ఆ మాటతో ఒక ఆడమనిషికి ఇల్లు పోయింది, ఐదేళ్ల బిడ్డ దూరమైంది. నా ఇల్లు నాకుంది. నా బిడ్డ రోజూ బడి నుంచి వచ్చి నా పక్కనే కూర్చుని అన్నం తింటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆవిడతో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి కూరలో ఉప్పు తక్కువైందని ముగించాను. రెండోసారి ఏమీ అనకుండానే లేచిపోయాను. ఆమె నన్ను మంచివాడనుకుంటుంది. ఆ అనుకోవడాన్ని పోగొట్టుకునే ధైర్యం లేదు. పోనీ, ఇప్పుడు ఇది రాయడం ధైర్యమేనా? పేరు దాచుకుని రాసేదానికి ధైర్యమని పేరు పెట్టలేను.

కల్వకుర్తిలో నాకు ఫోటో స్టూడియో ఉంది. ఇప్పటికీ ఉంది. తెలంగాణ వచ్చిన కొత్తలో పెట్టాను. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, అన్నీ నేనే చేసేవాణ్ని. వాటితో పాటు ఇంకో పని ఉండేది. బస్టాండు దగ్గర సీడీల దుకాణం నడిపే ఒకాయన, అందరూ సేటు అనేవారు, విదేశీ సినిమాల డిస్కులు తెప్పించేవాడు. ఏ దేశానివో ఆయనకూ తెలియదు. తెలుగు మాటలు అతికించినవి కొన్ని, అసలు మాటలే ఉంచేసినవి కొన్ని. తెల్ల కాగితపు సంచుల్లో వచ్చేవి. వాటికి అట్ట మీద బొమ్మ, పేరు, వెనక నాలుగు లైన్ల కథ నేను చేసిపెట్టాలి. ఆ తర్వాత అవి చుట్టుపక్కల వారపు అంగళ్లన్నిటికీ, అటు నల్లగొండ దాకా పోయేవి.

సెల్‌ఫోన్లో సినిమా చూసే రోజులు మా ఊళ్లకు ఇంకా సరిగా రాలేదు. అంగడికి వచ్చినవాళ్లు కూరగాయలతో పాటు రెండు డిస్కులు సంచిలో వేసుకుని పోయేవారు. డిస్కులమ్మే బండి ముందు నిలబడి అట్ట చూసేది రెండు నిమిషాలు కూడా కాదు. ఆ కాస్త సమయంలో పట్టుకోవాలి. సేటు లెక్క ప్రకారం అట్ట మీద మూడు ఉండాలి. ఒక ఆడమనిషి మొహం, ఒక మంట, ఒక తుపాకి. నేను నాలుగోది కలిపాను, జంతువు. పడవలో వెళ్లే ఒక ముసలాయన సినిమా వచ్చింది. ఏమీ జరగదు అందులో, ఆయన చేపలు పడతాడు, దగ్గుతాడు. దానికి నేను పడవంత పామును పెట్టాను. భలే పోయింది. ఒకతను తిరిగొచ్చి పామేదని అడిగితే, అది ఉన్న డిస్కు వేరే ఉంటుందని సేటు చెప్పాడట. అతను నమ్మి, ఆ వేరే డిస్కు కోసం రెండు వారాలు తిరిగాడు. మేమిద్దరం చాయ్ తాగుతూ చాలాసేపు నవ్వుకున్నాం. ఆ జవాబు అప్పటి నుంచి బండ్లవాళ్లందరికీ అలవాటైపోయింది. బొమ్మలో ఉన్నది సినిమాలో లేకపోతే, అది వేరే డిస్కులో ఉంది. అంతే.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. ఆ పనిలో నాకు గర్వం ఉండేది. ఒకరి తలను ఇంకొకరి ఒంటికి అతికిస్తే జుట్టు అంచు దగ్గర, చెవి పక్కన, మెడ దగ్గర తెలిసిపోతుంది. చాలామంది చేసినవాటిలో తెలిసేది. నా దాంట్లో తెలిసేది కాదు. వెలుగు ఎటు నుంచి పడుతుందో చూసుకుని, నీడను వెంట్రుకంత మేర సరిచేసేవాణ్ని. దాన్ని మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు. సేటుకు పాము కనిపిస్తే చాలు. అంత బాగా చేసి ఎవరికీ చెప్పుకోలేకపోవడం లోపల దురదగా ఉండేది. ఇది చిన్న విషయమే. కానీ గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదానికి భయమొక్కటే కారణమని నేను చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

ఒక రోజు సేటు ఒక కొండదేశం సినిమా తెచ్చాడు. సాధారణంగా నేను సినిమా చూసేవాణ్ని కాదు, నాలుగుచోట్ల ఆపి బొమ్మలు తీసుకునేవాణ్ని. దీన్ని మాత్రం ఎందుకో మొత్తం చూశాను. మంచు కురుస్తుంటుంది. ఒకామె తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ కొండలెక్కుతుంది. ఇంట్లో జబ్బుపడ్డ అత్త ఉంటుంది. అంతే కథ. ఒక్క మాటా అర్థం కాలేదు, చివరికి కళ్లు తుడుచుకున్నాను. ఆ సినిమాకు మర్యాదగా అట్ట చేద్దామనిపించింది. మంచు, కొండ, నడిచే మనిషి. చేసి చూపించాను.

సేటు చూసి, "గీ దుప్పటి కప్పుకున్న ముసలామెను ఎవరు కొంటరు?" అన్నాడు.

ఆయనన్నది నిజం. ఆ నటికి యాభై ఏళ్లుంటాయి. చలికి పగిలిన బుగ్గలు, ఒళ్లంతా ఉన్ని బట్టలు. నాకు ముందే తెలుసు. తెలిసీ రెండో అట్ట చేశాను. మీకు ఒప్పుకోవలసింది ఇక్కడ మొదలవుతుంది.

అంతకు నెల ముందు, పది కిలోమీటర్ల దూరంలోని ఒక ఊరికి పోయాను. ఊరి పేరు చెప్పను. గొర్రెల బీమా కాగితాలకు మనిషీ జీవాలూ కలిసి ఉన్న ఫోటో కావాలన్నారు. ఒక్కొక్కరినీ వాళ్ల మంద ముందు నిలబెట్టి తీశాను. ఒకామె భర్త అడివికి మందతో పోయి ఉంటే, కొన్ని జీవాలతో ఆమె నిలబడింది. పాతికేళ్లుంటాయేమో. ఊళ్లో మహిళా సంఘానికి ఆమే పెద్ద. నలుగురి కాగితాలు తనే పట్టుకుని, ఎవరెప్పుడు నిలబడాలో తనే చెప్పింది. ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడితే, అది ఆమె గడ్డం నాకింది. ఆమె తల వెనక్కి వేసి నవ్వింది. ముందు పళ్ల మధ్య చిన్న సందు. నా చెయ్యి దానంతటదే కెమెరా నొక్కింది. తర్వాత సరిగా నిలబడి మరొకటి దిగింది. కాగితాలకు ఆ రెండోదే ఇచ్చాను. నవ్విన ఫోటో ఆమె చూడనే లేదు. అది నా కంప్యూటర్లో ఉండిపోయింది.

ఆ నవ్వును తీసుకున్నాను.

గొర్రెపిల్లను తీసేశాను. నుదుటి మీది పచ్చబొట్టు చెరిపాను. మొహాన్ని తెల్లగా చేశాను. మెడ కింద నుంచి ఒక పాత క్యాలెండర్‌లోని తడిసిన చీర మనిషిని పెట్టాను. వెనక కొండలు, మంద, ఒక మూల మంట. పైన పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. అందులో రాత్రి అనే మాట ఉందని చెబితే మీకు అర్థమవుతుంది. కింద పెద్దలకు మాత్రమే అని ఎర్ర అక్షరాలు. ఆ సినిమాలో పసిపిల్లలు చూడకూడనిది ఏదీ లేదు.

ఎందుకు ఆమెనే? నెట్‌లో వేల మొహాలున్నాయి. వాటిని జనం గుర్తుపడతారు, పాతవైపోయాయి, ఈ నవ్వు కొత్తది. అలా నాకు నేను చెప్పుకున్నాను. రంగు మార్చాక ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను. ఆమె లాంటివాళ్లు ఎక్కడికో వెళ్లి అడగరు అని కూడా అనుకున్నానా? అనుకున్నాను. మాటల్లో కాదు. కానీ మా తహసీల్దారు కూతురి పెళ్లి ఆల్బమ్ అదే కంప్యూటర్లో ఉండేది, ఆ పిల్ల మొహం మీదికి నా చెయ్యి పోలేదు.

సేటుకు తెగ నచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్లకు పంపుతాడనుకున్నాను. ఆయన అట్ట మీది మందను చూశాడు. గొర్రెలున్న బొమ్మను గొర్రెలవాళ్లు కొంటారని, కట్టలన్నీ గొర్రెల అంగడికే పంపాడు. వ్యాపారం తెలిసినవాడు. నేను కాదనలేదు, ఎందుకు కాదంటున్నావని అడుగుతాడేమోనని.

రెండో వారమే ఆమె మరిది దాన్ని చూశాడు. పొట్టేలు అమ్మడానికి పోయినవాడు డిస్కు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఇంట్లో పెట్టి చూశారు. అందులో ఆమె లేదు. అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. మరిది మళ్లీ పోయి బండివాణ్ని నిలదీస్తే, వాడు అలవాటుగా అనే మాటే అన్నాడు. ఆమె ఉన్న డిస్కు వేరే ఉంటుంది.

ఆ తర్వాత ఊరు ఊరంతా ఆ లేని డిస్కు గురించే మాట్లాడింది. చూశామన్నవాళ్లు కూడా బయలుదేరారు. భర్త నెలల తరబడి మంద వెంట అడవుల్లో ఉంటాడు, ఆమె సంఘం పనులని పట్నం తిరుగుతుంది. కావలసినన్ని కలుపుకున్నారు.

ఇద్దరు మనుషులు బండి మీద నా స్టూడియోకు వచ్చారు. తెలిసిపోయింది అనుకున్నాను. కాదు. కులపెద్ద పిలుస్తున్నాడని, ఫోటోల పని తెలిసినవాడు ఒకడు వచ్చి ఆ బొమ్మ చూసి చెప్పాలని వచ్చారు. నన్నే పిలవాలని చెప్పింది ఎవరో తెలుసా? ఆమె. ఊరికి వచ్చి ఫోటోలు తీసిన అన్న ఉన్నాడు, ఆయనైతే నిజం చెబుతాడు అన్నదట.

వాళ్ల కులసంఘం గది ముందు చాప పరిచి ఉంది. మిట్టమధ్యాహ్నం. ముప్ఫై నలభై మంది. భర్త గొంగడి భుజాన వేసుకుని ఒక పక్క కూర్చున్నాడు, మందను ఎవరికో అప్పగించి అప్పుడే వచ్చినట్టున్నాడు. ఆమె తన అత్త వెనక నిలబడి ఉంది, ఐదేళ్ల బిడ్డ తల్లి కొంగు పట్టుకుని ఉంది. కులపెద్ద అట్టను నా చేతికిచ్చాడు.

"తమ్మీ, నువ్వు గీ పని తెలిసినోనివి. జర మంచిగ చూడు. ఇది అతికిచ్చిన బొమ్మనా, నిజంగ దిగిందేనా?"

ఆమె రెండడుగులు ముందుకొచ్చింది. "అన్నా, నేను సచ్చినా గిట్ల దిగలే. నీకు తెలుస్తది గద. జర వీళ్లకు చెప్పు."

నేను చూశాను. వేలితో రుద్దాను. ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పాను. ఏం చూస్తున్నానో నాకు తెలుసు, నా పనినే చూస్తున్నాను. చెవి పక్కన ఆ నీడ కోసం రెండు రోజులు కూర్చున్నాను. అందరి కళ్లూ నా చేతి మీద ఉన్నాయి. నా పనిని ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది రాయకపోతే ఈ కాగితమంతా దండగ. ఆ క్షణంలో నాలో ఒక మూల సంతోషం కలిగింది. ఎవరూ కనిపెట్టలేకపోయారు.

"నాకైతే అతుకు కనిపిస్తలేదు" అన్నాను.

"అంటే దిగిందేనంటవా?"

"నేను గట్ల అంటలేను. అతుకైతే కనిపిస్తలేదు."

ఎంత తెలివైన మాట. అబద్ధం కాదు, నిజం కాదు, రేపు నన్నెవరూ పట్టుకోలేరు. ఆమె ఏడవలేదు. నా మీద కోపం కూడా రాలేదు ఆమెకు. నేను పొరబడ్డాననుకుంది. "ఇంకోపారి చూడన్నా" అంది మెల్లగా. ఇంకోసారి చూశాను. చూస్తున్నట్టు నటించాను. తల అడ్డంగా ఊపి అట్టను కులపెద్దకు ఇచ్చేశాను.

భర్త లేచి, గొంగడి దులుపుకుని, మందవైపు నడిచిపోయాడు.

అక్కడ ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అంతా మెత్తగానే జరిగింది. ఆ ఏడు భర్త మేత కోసం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతూ, ఆ ఒక్క పోకకు మాత్రం ఏటా వెంట తీసుకుపోయే ఆమెను వద్దన్నాడు. కొన్నాళ్లు తల్లిగారింట్లో ఉండి రమ్మన్నారు. ఆ కొన్నాళ్లు అయిపోలేదు. బిడ్డను అత్త ఉంచుకుంది, ఆడపిల్ల ఆమె దగ్గర పెరిగితే రేపు పెళ్లికి అడిగేవాళ్లుండరని. సంఘానికి వేరే ఆమెను పెద్దగా పెట్టుకున్నారు.

ఊరి నుంచి తిరిగొచ్చి నేను చేసిన మొదటి పని, గొర్రెపిల్లతో ఉన్న ఆ ఫోటోను తుడిచేయడం. అదొక్కటి చూపిస్తే చాలు, ఊరంతా నోరు మూసుకునేది. నాకు తెలుసు కనుకే తుడిచేశాను. అక్కడ చాప మీద మాట తడబడిందని, భయంలో నోరు జారిందని చెప్పుకోవచ్చు. ఇది అలా కాదు. తలుపు వేసుకుని, కుర్చీలో కూర్చుని, చెరిపేయమంటావా అని కంప్యూటర్ అడిగితే అవునని నొక్కాను.

తర్వాత అట్టల పని మానేశాను. అది కూడా గొప్ప కాదు. ఏడాది తిరిగేసరికి అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, సేటు దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మానకపోయినా పోయేదే.

చెప్పవచ్చు కదా అని మీరడుగుతారు. మొదటి నెల, కొడతారని భయం. తర్వాత నా పెళ్లి కుదిరింది, పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత నాకు బిడ్డ పుట్టింది. ఆలస్యమైన కొద్దీ, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న మొదటి తప్పుకంటే పెద్దదైపోయింది. ఇవన్నీ కారణాలేనా? కారణాల్లాగే వినిపిస్తాయి. కానీ ఏ రోజు లేచినా ఆ రోజు బండి తీసి పది కిలోమీటర్లు పోయి చెప్పి రావచ్చు. ఎనిమిదేళ్లలో ఒక్క రోజూ పోలేదు.

కిందటేడు ఒక పెళ్లి పని మీద తిరుమలగిరి వైపు పోయాను. దారిలో టీ కోసం ఆగాను. పత్తి ఏరి వస్తున్న ఆడవాళ్లు ఆటో దిగారు. వాళ్లలో ఆమె. సన్నబడింది. నేను మొహం తిప్పుకునేలోపే గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"అన్నా, మంచిగున్నవా?" అంది. ఆ మాట, నాలాంటివాడితో. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మా బిడ్డ నీ దుకాణానికి వస్తదానే ఫోటోకు? ఎంత పొడుగైందో. చూసి రెండేండ్లాయె."

వస్తుంది. బడి గుర్తింపు కార్డుకు నెల కిందటే దిగింది. ఆ ఫోటో నా ఫోన్లో ఉంది. తీసి చూపించాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ పట్టుకుంది. చాలాసేపు చూసింది. పిల్ల మొహాన్ని వేలితో పెద్దది చేయడం తెలియక, ఫోన్‌నే కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. నేను పెద్దది చేసి ఇచ్చాను. అప్పుడు చెప్పాలి. చుట్టూ కులపెద్ద లేడు, జనం లేరు, నేనూ ఆమే. నోటి దాకా వచ్చింది. ఒక కాపీ పంపిస్తానన్నాను.

ఆమె ఫోన్ తిరిగిచ్చి, రెండు చేతులూ జోడించింది. "నీకు పుణ్యముంటదన్నా" అంది.

వద్దనలేదు నేను. తల ఊపి తీసుకున్నాను. చాయ్ డబ్బులిచ్చి, బండెక్కి, పెళ్లికి పోయి, రోజంతా అందరినీ నవ్వండి నవ్వండి అంటూ ఫోటోలు తీశాను. కాపీ మాత్రం పంపాను. రెండు పంపాను. అదేదో తీర్చుకున్నట్టు.

ఆమె నన్ను క్షమిస్తుందా అని నేను అడగడం లేదు. అడిగే హక్కు చెప్పినవాడికుంటుంది, నేనింకా ఆమెకు చెప్పలేదు. ఆమె బిడ్డకు ఇప్పుడు పదమూడేళ్లు. తల్లి గురించి ఊళ్లో ఏమంటారో ఆ పిల్లకు అర్థమయ్యే వయసు. ఇది ఆ పిల్ల చేతిలో పడుతుందో లేదో తెలియదు. పడితే, ఊరి పేరు లేకపోయినా తెలుసుకుంటుంది.

ఆ రోజు చాప మీద నిలబడి అనవలసిన మాట ఇది. ఆ బొమ్మ నేనే చేసిన. ఆమె మొహం నేనే దొంగతనంగ తీసి అతికిచ్చిన. ఆమెకు ఏ పాపం తెల్వదు.

ఎనిమిదేళ్లు ఆలస్యంగా, వినవలసినవాళ్లెవరూ లేని చోట అన్నాను. నిన్నటిదాకా ఇది నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.